వెర్షన్ ఎర్రర్ వస్తే జావా పెంచాలా, ప్రాజెక్టును దించాలా?

దేవరకొండ_ల్యాబ్:
ల్యాబ్ సిస్టమ్స్ అన్నిట్ల జావా 8 ఉన్నది. పాత ప్రాక్టికల్స్ దానిమీదనే నడుస్తయ్, తీసేసే వీలు లేదు. పిల్లలు ఇంటికాడ జావా 17 తోటి కట్టిన జార్ (కంపైల్ చేసిన ప్రోగ్రామ్ ప్యాక్) తెచ్చి నడిపితే 'అన్‌సపోర్టెడ్ క్లాస్ వెర్షన్ ఎర్రర్' వస్తున్నది. క్లాస్ ఫైల్ (కంపైల్ అయిన కోడ్) వెర్షన్ 61.0, ఈ రన్‌టైమ్‌కు (ప్రోగ్రామ్‌ను నడిపే జావాకు) 52.0 దాకనే తెలుసు అంటది. ల్యాబ్ మొత్తం 17కు మార్చాలని ఒక వాదన, ప్రాజెక్టునే 8కి దించాలని ఇంకో వాదన. మీరేమంటరు?

పాలమూరు_జావా:
మార్చాల్సిందే సార్. 52 అంటే జావా 8, 55 అంటే 11, 61 అంటే 17, 65 అంటే 21. పాత రన్‌టైమ్ కొత్త క్లాస్ ఫైలును చదవదు, కొత్తది మాత్రం పాతదాన్ని చదువుతది. స్ప్రింగ్ బూట్ 3కి (వెబ్ యాప్‌లు కట్టే ఫ్రేమ్‌వర్క్) కనీసం 17 కావాలె. మీ కోడ్‌ను 52కు దించినా లోపలి స్ప్రింగ్ లైబ్రరీలు 61లనే ఉంటయ్, నడిపేటప్పుడు మళ్ల అదే ఎర్రర్.

మిర్యాలగూడ_బిల్డ్:
స్ప్రింగ్ బూట్ 3 వాడే ప్రాజెక్టుకు ఆ మాట నిజమే. రికార్డు కోసం చేసే చిన్న స్వింగ్ (విండోలు, బటన్లు) ప్రాజెక్టుకు, జేడీబీసీ (డేటాబేస్) ప్రాజెక్టుకు 17 ఎందుకు? దించుడే మేలు, కాకపోతే సరిగ్గ దించాలె. చాలామంది కంపైలర్ సెట్టింగ్‌లల సోర్స్ 8, టార్గెట్ 8 అని పెట్టి వదిలేస్తరు. అట్ల పెడితే క్లాస్ ఫైల్ నంబర్ 52 అయితది గానీ, కంపైలర్ చూసేది 17 లైబ్రరీనే. బైట్‌బఫర్ అనే లైబ్రరీ క్లాస్‌ల ఫ్లిప్ మెథడ్ చూడండి. జావా 9 నుంచి అది బైట్‌బఫర్‌నే తిరిగి ఇస్తది, 8ల దాని పై క్లాస్ అయిన బఫర్‌ను ఇచ్చేది. 17 మీద కట్టిన జార్ 8 మీద మొదలైతది, ఆ లైన్ కాడికి రాంగనే 'నో సచ్ మెథడ్ ఎర్రర్' ఇచ్చి పడిపోతది. అందుకే '--రిలీజ్ 8' అనే కంపైలర్ ఆప్షన్ వాడాలె. అప్పుడు 8ల లేని ఏపీఐ (లైబ్రరీ క్లాస్, మెథడ్) ముట్టుకుంటే కంపైల్ కాడనే ఆపుతది. బిల్డ్ టూల్ మావెన్‌ల 'మావెన్.కంపైలర్.రిలీజ్' ప్రాపర్టీకి 8 ఇస్తే చాలు. ఈ ఆప్షన్ జేడీకే (జావా కంపైలర్, టూల్స్ ఉన్న కిట్) 9 నుంచే ఉన్నది, 8 కంపైలర్‌కు ఇస్తే 'ఇన్‌వాలిడ్ ఫ్లాగ్' అంటది.

నకిరేకల్_టూల్స్:
రెండు వాదనలు సిస్టమ్‌ల ఒక్కటే జావా ఉండాలె అన్న లెక్కన నడుస్తున్నయ్. ఆ అవసరమే లేదు. ఇన్‌స్టాలర్ కాకుండ జేడీకే 17 జిప్ ఫైలు డౌన్‌లోడ్ చేసుకొని డి డ్రైవ్‌ల విప్పండి. అడ్మిన్ పాస్‌వర్డ్ అక్కర లేదు, 8ని కదిలించే పని లేదు. ప్రాజెక్టు ఫోల్డర్‌ల ఒక బ్యాచ్ ఫైలు పెట్టి, అండ్ల జావా_హోమ్ వేరియబుల్‌ను విప్పిన జేడీకే ఫోల్డర్‌కు తిప్పి, దాని బిన్‌ను పాత్‌ల (కమాండ్లను వెతికే ఫోల్డర్ల లిస్టు) అన్నిటికన్న ముందు చేర్చండి. ఆ బ్యాచ్ ఫైలు నడిపిన విండో మూస్తే సిస్టమ్ ఎప్పటిలెక్కనే ఉంటది.

పిల్లలు ఎక్కువ చిక్కేది ఇక్కడ. జావా_హోమ్ ఒక్కటే మారుస్తరు. మావెన్ కమాండ్ 'ఎంవీఎన్ -వి' కొడితే 17 చూపెడతది, బిల్డ్ అయితది. 'జావా -జార్' కొడితే 61, 52 ఎర్రర్ మళ్ల వస్తది. మావెన్ చూసేది జావా_హోమ్, ఉత్త జావా కమాండ్ చూసేది పాత్. ఒరాకిల్ ఇన్‌స్టాలర్ 'జావాపాత్' అనే ఫోల్డర్‌ను సిస్టమ్ పాత్ మొదట్ల పెడతది. యూజర్ పాత్‌ల ఏం చేర్చినా అది సిస్టమ్ పాత్ తర్వాతనే వస్తది కాబట్టి పనిచెయ్యదు. 'వేర్ జావా' అని కొట్టండి, మొదటి లైన్‌ల ఏది వస్తే అదే నడుస్తున్నట్టు. ముందే తెరిచి పెట్టిన టెర్మినల్‌కు, ఎడిటర్‌కు కొత్త వేరియబుల్స్ తెలువయ్, మూసి తెరవాలె.

మిర్యాలగూడ_బిల్డ్:
ల్యాబ్‌కు ఇది ఒప్పుకుంట. రైస్ మిల్లు కౌంటర్‌ల బిల్లింగ్ సిస్టమ్ సంగతేంది అన్నా? అక్కడ జిప్ విప్పి బ్యాచ్ ఫైలు రాసేటోళ్లు ఎవరుంటరు? ఆ జార్‌ను 8కి కట్టి ఇచ్చుడే నయం.

నకిరేకల్_టూల్స్:
అక్కడ రన్‌టైమ్‌ను ప్రోగ్రామ్ తోనే కలిపి ఇయ్యాలె తమ్ముడూ. జేడీకేల ఉండే జేప్యాకేజ్ టూల్ ఆ పనే చేస్తది, జేడీకే 16 నుంచి పూర్తిస్థాయిల ఉన్నది. కౌంటర్ సిస్టమ్‌ల ఏ జావా ఉన్నా, అసలు లేకున్నా నడుస్తది. విండోస్ ప్యాకేజీని విండోస్ మీదనే కట్టాలె, లినక్స్ మీద కట్టరాదు. సైజు పెరుగుతది, అది నిజమే. నువ్వు చెప్పిన 8 టార్గెట్‌కు జేడీకే 21 ఇప్పటికే 'అబ్సొలీట్' (కాలం చెల్లింది) అని వార్నింగ్ ఇస్తున్నది. దానిమీద కొత్త పని మొదలువెట్టుడు నాకు నచ్చదు.

పాలమూరు_జావా:
నోడ్‌ల (జావాస్క్రిప్ట్ నడిపే రన్‌టైమ్) కూడ ఇదే తీరు. మాడ్యూల్ వెర్షన్ 108 మీద కంపైల్ అయింది, 115 కావాలె అని వస్తే, నోడ్ 18 మీద కట్టిన నేటివ్ మాడ్యూల్ (మెషిన్ కోడ్‌గ కంపైల్ అయిన ప్యాకేజీ) నోడ్ 20 మీద నడుస్తున్నట్టు. నోడ్‌ను దించుడు అక్కర లేదు, 'ఎన్‌పీఎం రీబిల్డ్' చాలు.

దేవరకొండ_ల్యాబ్:
జిప్ పద్ధతే పెడుత. గ్రేడిల్ (మావెన్ లాంటి బిల్డ్ టూల్) ప్రాజెక్టులు కొన్ని ఉన్నయ్. జేడీకే 21 ఇస్తే 'అన్‌సపోర్టెడ్ క్లాస్ ఫైల్ మేజర్ వెర్షన్ 65' అంటున్నది.

నకిరేకల్_టూల్స్:
అది మీ కోడ్ తప్పు కాదు సార్, గ్రేడిల్ పాతది. 17 మీద నడవాలంటే కనీసం గ్రేడిల్ 7.3, 21 మీద నడవాలంటే 8.5 కావాలె. ప్రాజెక్టుల గ్రేడిల్ ర్యాపర్ ప్రాపర్టీస్ ఫైలుల గ్రేడిల్ వెర్షన్ నంబర్ మార్చండి. బిల్డ్ ఫైలుల టూల్‌చెయిన్ (కంపైల్‌కు వాడే జేడీకే) లాంగ్వేజ్ వెర్షన్ 17 అని రాస్తే, గ్రేడిల్ ఏ జావా మీద నడిచినా కోడ్ మాత్రం 17 తోనే కంపైల్ అయితది. ల్యాబ్ నెట్ స్లోగ ఉంటే ఆటో డౌన్‌లోడ్ ఫాల్స్ పెట్టి, విప్పిన జేడీకే ఫోల్డర్‌ను ఇన్‌స్టలేషన్స్ పాత్స్ ప్రాపర్టీల ఇయ్యండి.