నెలసరి రోజుల్లో ఈత మాన్పించాలా, మానకుండా ఉండే మార్గం నేర్పించాలా?

ఒక అమ్మ:
మా అమ్మాయికి 13 ఏళ్లు. నాలుగేళ్లుగా ఈత నేర్చుకుంటోంది. నెలసరి ఈ ఏడాదే మొదలైంది. మొన్న శిక్షకుడు నన్ను పక్కకు పిలిచి, "ఆ 5 రోజులూ పంపకండమ్మా, మిగతా పిల్లలూ అవే నీళ్లలో దిగుతారు కదా" అన్నారు. ఆ మాట పిల్ల చెవిన పడింది. అప్పటి నుంచి కొలను పేరెత్తితే మొహం తిప్పుకుంటోంది. నాకు ఒళ్లు మండింది. కానీ ఆయనకు బదులు చెప్పేంత విషయం నాకు తెలియదు. ఏడాదికి 60 రోజుల సాధన వదులుకోవాల్సిందేనా? ఆయన మాటలో న్యాయం ఏమైనా ఉందా?

కెరటం:
న్యాయం లేదండీ. నెలసరి మొత్తంలో పోయే రక్తం మామూలుగా 30 నుంచి 40 మిల్లీలీటర్లు. అంటే రెండు మూడు పెద్ద చెంచాలు, అదీ కొన్ని రోజుల మీద. టాంపాన్ (లోపల పెట్టుకునే దూది చుట్ట) గానీ నెలసరి కప్పు (రక్తాన్ని లోపలే పట్టి ఉంచే మెత్తటి గిన్నె) గానీ సరిగ్గా పెట్టుకున్న అమ్మాయి నుంచి నీటిలో కలిసేది దాదాపు ఏమీ ఉండదు. అదే నీటిలో అందరి చెమట, ఉమ్మి కలుస్తూనే ఉంటాయి, చిన్నపిల్లల మూత్రం సంగతి చెప్పనే అక్కర్లేదు. క్లోరిన్ కలిపేది అందుకే కదా! లీటరుకు కనీసం 1 మిల్లీగ్రాము క్లోరిన్ ఉండి, పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) 7 నుంచి 7.8 మధ్య ఉంటే రక్తంలో ఉండే క్రిములు అందులో బతకవు. మీ అమ్మాయిని ఆపే ముందు, ఈ రోజు క్లోరిన్ కొలత ఎంతో చూపించమని ఆయన్ను అడగండి.

పాత ఈతగత్తె:
కెరటం గారితో శుభ్రత విషయంలో నాకు పేచీ లేదు. నా భయం వేరు. నేను పోటీలకు ఈదిన రోజుల్లో సెలవు అడగడమే తప్పు. రెండో రోజు పొత్తికడుపు మెలిపెడుతుంటే గట్టు పట్టుకుని ఏడ్చాను. "అందరికీ వచ్చేదే, దిగు" అన్నారు. 2016 రియో ఒలింపిక్స్‌లో చైనా ఈతగత్తె ఫు యువాన్‌హుయ్ రిలే అయ్యాక నొప్పితో వంగిపోయి, ముందు రోజే నెలసరి వచ్చిందని, నీరసంగా ఉందని కెమెరా ముందే చెప్పింది. అంత పెద్ద క్రీడాకారిణి నోట ఆ మాట వినడానికి అంతకాలం పట్టింది. "మార్గం ఉంది కదా, మానకూడదు" అన్న మాట రేపు మరో బలవంతం అవుతుంది. పిల్ల వెళ్లనంటే పంపకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

తెల్లకోటు:
నేను నర్సును. ఇద్దరి మాటా విన్నాను, ముందు పనికొచ్చే విషయాలు చెప్పనివ్వండి.

ప్యాడ్‌తో దిగకూడదు. అది కొలను నీటినే పీల్చుకుని ఉబ్బిపోతుంది, జిగురు ఊడిపోతుంది. "నీళ్లలో దిగితే స్రావం ఆగిపోతుంది" అనే మాట కూడా నమ్మకండి. నీటి ఒత్తిడి వల్ల బయటికి రావడం కాసేపు తగ్గుతుంది, అంతే. గట్టిగా నవ్వినా, దగ్గినా, నిచ్చెన ఎక్కి పైకి వచ్చినా మళ్లీ మొదలవుతుంది. చాలామంది అమ్మాయిలు కంగారుపడేది సరిగ్గా ఆ నిచ్చెన దగ్గరే. ముదురు రంగు ఈత దుస్తులు, గట్టు మీద తువ్వాలు ఉంటే సగం బెంగ తీరుతుంది.

టాంపాన్ అయితే స్రావానికి సరిపోయే వాటిలో అతి తక్కువ పీల్చేది ఎంచుకోవాలి. ఈత అవగానే మార్చేయాలి, ఎందుకంటే దాన్ని బయటికి లాగే దారం కొలను నీటిలో నానుతుంది. మామూలుగానైనా 8 గంటలకు మించి ఉంచకూడదు. టాక్సిక్ షాక్ సిండ్రోమ్ (బ్యాక్టీరియా వదిలే విషం వల్ల వచ్చే జబ్బు) చాలా అరుదు, కానీ ప్రాణాంతకం. టాంపాన్ వాడుతున్నప్పుడు హఠాత్తుగా జ్వరం, ఎండకు కమిలినట్టు ఎర్రటి దద్దుర్లు, వాంతులు, కళ్లు తిరగడం కనిపిస్తే వెంటనే అది తీసేసి ఆసుపత్రికి వెళ్లాలి. సిలికోన్ కప్పును 12 గంటల వరకు ఉంచుకోవచ్చు. తీసేటప్పుడు అడుగున నొక్కి గాలి పట్టు వదిలించాకే లాగాలి. మొదటిసారి కొలను దగ్గర ప్రయత్నించకండి. ఇంట్లో, తొందర లేని రోజున నేర్చుకోవాలి.

ఇద్దరు ఆడపిల్లల తండ్రి:
13 ఏళ్ల పిల్లకు లోపల పెట్టుకునేవి అవసరమా అండీ? కన్నెపొర సంగతి ఉంది. నెలకు 5 రోజులు ఆగితే పోయేదేమీ లేదు. పెద్దయ్యాక తనే నిర్ణయించుకుంటుంది.

తెల్లకోటు:
మీ బెంగ అర్థమైంది. కానీ కన్నెపొర మూసి ఉంచిన తలుపు కాదు. దానికి ముందే రంధ్రం ఉంటుంది, అందులోంచే కదా నెలసరి రక్తం వచ్చేది! సాగే గుణం ఉన్న పొర అది. టాంపాన్ వల్ల సాగవచ్చు, ఒక్కోసారి కొంచెం చిరగవచ్చు. కన్యత్వానికీ దానికీ సంబంధం లేదు. వయసు కూడా అడ్డు కాదు. అడ్డయ్యేది భయం. భయపడితే కండరాలు బిగుసుకుంటాయి, నొప్పి పుడుతుంది. అప్పుడు ఆపేయాలి, బలవంతం చేయకూడదు.

ఇద్దరు ఆడపిల్లల తండ్రి:
రంధ్రం సంగతి నాకు తెలియదు. ఒప్పుకుంటున్నాను. అయినా 13 ఏళ్లకు తొందరే అంటాను.

కెరటం:
మరి పీల్చుకునే పొర కుట్టిన నెలసరి ఈత దుస్తులు ఉన్నాయి కదా, లోపల ఏమీ పెట్టుకోనక్కర్లేదు. అయితే అవి తక్కువ స్రావం ఉన్న రోజులకే సరిపోతాయి. మొదటి రెండు రోజులు వాటిని నమ్ముకోవద్దు.

పాత ఈతగత్తె:
నొప్పి గురించి ఒక మాట మిగిలింది. గర్భసంచిని బిగబట్టించే ప్రోస్టాగ్లాండిన్లు అనే, ఒంట్లోనే తయారయ్యే రసాయనాల వల్ల ఆ నొప్పి వస్తుంది. తేలికగా ఈదితే కొందరికి తగ్గుతుంది, నాకూ తగ్గేది. కానీ "తేలికగా" అన్న మాట మా శిక్షకులకు తెలిసేది కాదు. బడి మానేంత నొప్పి, గంటకో ప్యాడ్ తడిసేంత స్రావం ఉంటే ఈత గురించి కాదు, డాక్టరు గురించి ఆలోచించండి.

ఒక అమ్మ:
రాత్రి ఈ చర్చ మొత్తం అమ్మాయికి చదివి వినిపించాను. టాంపాన్ మాట వచ్చినప్పుడు "ఇప్పుడే వద్దు" అంది. సరే అన్నాను. మూడో రోజు నుంచి ఆ పొర ఉన్న దుస్తులతో వెళ్తానంది, మొదటి రెండు రోజులు ఇంట్లోనే ఉంటానంది. తర్వాత కాసేపు ఊరుకుని, "ఆయన నన్ను మురికి అన్నాడా అమ్మా?" అని అడిగింది. ఆ ప్రశ్నకే నా కళ్లు తడిశాయి. రేపు ఉదయం శిక్షకుడి దగ్గరికి వెళ్తున్నాను, క్లోరిన్ కొలత అడగడానికి. అమ్మాయి కూడా వస్తానంది.