కీటో మొదలుపెట్టాక వీపు మీద పొక్కులు: మలినాలు పోతున్నాయా, ఇది జబ్బా?

గోదారిగట్టు:
కీటో డైట్ అని అన్నం పూర్తిగా మానేసి గుడ్లు, మాంసం, కొబ్బరినూనెతో నెట్టుకొస్తున్నాను. కొద్ది రోజులకే వీపు, మెడ, ఛాతీ మీద ఎర్రటి పొక్కులు వచ్చాయి, దురదకి నిద్ర లేదు. డైట్ గ్రూపులో అడిగితే ఒంట్లో మలినాలు పోతున్నాయి, ఓర్చుకోమన్నారు. స్కిన్ డాక్టరు మాత్రం ప్రురైగో పిగ్మెంటోసా అనే చర్మవ్యాధి అన్నారు, అన్నం తినమన్నారు. ఎవరి మాట వినాలి?

కీటోమిత్ర:
ఏడాదిగా నాదీ ఇదే తిండి, ఒక్క పొక్కు లేదు. డైటే కారణమైతే అందరికీ రావాలి కదా. చెమటకో, బిగుతు బట్టలకో వచ్చి ఉంటుంది. మధ్యలో ఆపకండి.

నల్లరేగడి:
కీటోమిత్ర గారూ, ఒప్పుకోను. ఒకే తిండి ఒకరికి పడుతుంది, ఇంకొకరికి పడదు. ఈ జబ్బు గురించి మొదట రాసింది జపాన్‌లో నాగాషిమా, 1971లో. కీటో ఒక్కటే కారణమని నేనూ అనను, చెమట, రాపిడి కూడా రేపుతాయంటారు, కీటోన్లు (పిండిపదార్థాలు అందక ఒళ్ళు కొవ్వుని వాడుకున్నప్పుడు తయారయ్యేవి) పెరగనివాళ్ళకీ వచ్చింది. కానీ కఠిన ఉపవాసాల్లో, బరువు తగ్గే సర్జరీ తర్వాత, గర్భిణులకి వాంతులు ఎక్కువై ఏమీ తినలేనప్పుడు, షుగరు అదుపు తప్పినప్పుడు కూడా ఇది కనబడింది, వీటన్నిటిలోనూ రక్తంలో కీటోన్లు పెరుగుతాయి, పైగా అన్నం మళ్ళీ మొదలుపెట్టగానే చాలామందికి తగ్గిపోయింది. ఇదంతా కాకతాళీయమంటే ఎలా నమ్మను?

మలినాల మాట వింటే మాత్రం కోపమొస్తుంది. తొలి దశలో బయాప్సీ చేస్తే, అంటే చిన్న చర్మం ముక్క తీసి పరీక్షిస్తే, న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు చర్మంలో గుమిగూడి ఉంటాయి. అది వాపు, శుభ్రపడటం కాదు. ఓర్చుకుంటూ కూర్చుంటే పొక్కులు పోయినా వల పరిచినట్టు గోధుమరంగు మచ్చలు నెలల తరబడి ఉండిపోతాయి.

గోదారిగట్టు గారూ, మెడికల్ షాపులో ఇచ్చే స్టెరాయిడ్ ట్యూబులు, అలర్జీ బిళ్ళలు దీనికి పెద్దగా పనిచేయవు. మినోసైక్లిన్, డాక్సీసైక్లిన్, డాప్సోన్ పనిచేస్తాయి, అవి కూడా డాక్టరు రాస్తేనే, ఎందుకంటే మొదటి రెండూ గర్భిణులకి ఇవ్వరు, డాప్సోన్‌కి ముందు జీ6పీడీ పరీక్ష (ఎర్రకణాలని కాపాడే ఎంజైము లోపం ఉందేమో చూసే రక్తపరీక్ష) కావాలి. షుగరు ఉండి డైట్ కోసం ఇన్సులిన్ తగ్గించినవాళ్ళకి వాంతులు, ఆయాసం వస్తే కీటోఅసిడోసిస్ (కీటోన్లు మితిమీరి రక్తం ఆమ్లంగా మారే ప్రాణాపాయ స్థితి) కావచ్చు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

గోదారిగట్టు:
షుగరు లేదండీ. డైట్ మొత్తం వదిలేయాలా, కొంచెం అన్నం కలుపుకుంటే చాలా?

నల్లరేగడి:
కొందరికి పిండిపదార్థాలు కాస్త పెంచితేనే సరిపోయింది. మళ్ళీ కఠినంగా మొదలుపెట్టినవాళ్ళలో తిరగబెట్టిన కేసులున్నాయి. ఎంత కలపాలో ఆ డాక్టరునే అడగండి.