విడాకుల తరువాత ఎక్కువ నష్టపోయేది ఎవరు: భర్తా, భార్యా?

కాకినాడ అన్న:
మా తమ్ముడి విడాకులు నిరుడు పూర్తయ్యాయి. చేతికి వచ్చే జీతం 60,000. అందులో మనోవర్తి 15,000, పాప చదువుకు 6,000, ఇంటి అప్పు వాయిదా 22,000. తల్లీకూతుళ్లు ఆ ఇంట్లోనే ఉండేటట్టు రాజీ కుదిరింది. తమ్ముడు 8,000 అద్దెకు ఒక గదిలో ఉంటున్నాడు. మిగిలిన తొమ్మిది వేలలోనే తిండి, పెట్రోలు, మా అమ్మ మందులు. విడాకులతో ఆడవాళ్లే చితికిపోతారని అందరూ అంటారు. ఈ లెక్క చూసి చెప్పండి, చితికిపోయింది ఎవరు?

లెక్కల టీచరు:
అన్నయ్యా, మీ తమ్ముడి కష్టం నిజమే. కానీ మీరు సగం లెక్కే వేశారు. 2011లో నేను ఒక ప్రైవేటు బడిలో 14,000 జీతానికి లెక్కలు చెప్పేదాన్ని. బాబు పుట్టాక మానేశాను. ఆయన బదిలీలతో మూడు ఊళ్లు తిరిగాం. పదేళ్లకు విడిపోయి మళ్లీ బడి మెట్లెక్కితే 13,000 ఇస్తామన్నారు. అప్పట్లో నాతోపాటే చేరి, మానకుండా ఉన్న స్నేహితురాలికి 38,000. నాకు ఆ పదేళ్ల పీఎఫ్ లేదు, ఇంక్రిమెంట్లు లేవు. ఫ్లాటుకు మొదట కట్టవలసిన డబ్బు కోసం పుట్టింటివాళ్లు పెట్టిన ఇరవై కాసుల బంగారం అమ్మాం. దస్తావేజు ఆయన పేరున రాయించారు. బంగారం అమ్మిన చీటీ కూడా నా దగ్గర లేదు. ఇదంతా ఏ వరుసలో రాస్తారు?

వరంగల్ న్యాయవాది:
ఫ్యామిలీ కోర్టులో రోజూ చూసే గొడవే ఇది. పెళ్లయ్యాక సంపాదించినది ఇద్దరిదీ అనే నియమం మన చట్టంలో లేదు. దస్తావేజు ఎవరి పేరున ఉంటే ఆస్తి వారిది. పోర్చుగీసు కాలపు సివిల్ కోడ్ నడిచే గోవాలో మాత్రం ఉమ్మడి ఆస్తి పద్ధతి ఉంది. ఇంటిని చూసుకున్న భార్య శ్రమ కూడా భర్త ఆస్తి కొనుగోలుకు తోడ్పడినట్టేనని 2023 జూన్‌లో మద్రాసు హైకోర్టు చెప్పింది. మంచి తీర్పే, కానీ దేశమంతటికీ చట్టం కాదు. ఆస్తిలో వాటా లేదు కాబట్టి బరువంతా మనోవర్తి మీద పడుతోంది. అది ఆమెకు చాలదు, ఆయనకు తెగదు.

జీతంలో 25 శాతం ఇవ్వాలన్నది 2017లో ఒక కేసులో సుప్రీంకోర్టు అన్న మాట. అన్ని కేసులకూ అదే కొలత కాదు. 2020 నవంబరులో రజనీశ్–నేహా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తరువాత ఆస్తులు, అప్పులు, ఆదాయం ఇద్దరూ ప్రమాణపత్రంలో చూపించాలి. హిందూ వివాహ చట్టం 24వ సెక్షన్ కింద, సొంత ఆదాయం చాలని భర్త కూడా కేసు తేలేవరకు మధ్యంతర భరణం అడగవచ్చు.

టీచరు గారూ, ఆ బంగారం మీ స్త్రీధనం, అంటే మీ సొంత ఆస్తి. భర్త కష్టకాలంలో వాడుకున్నా తిరిగి ఇవ్వవలసిన బాధ్యత ఆయనకు ఉందని సుప్రీంకోర్టు 2024 ఏప్రిల్‌లో మరోసారి చెప్పింది. అమ్మిన దుకాణంలో బిల్లు నకలు, పెళ్లి ఫొటోలు, ఆ నెల బ్యాంకు ఖాతా వివరాలు వెదకండి. ఇంకో మాట: అప్పులో మీరు సహ రుణగ్రహీతగా సంతకం పెట్టారేమో చూసుకోండి. విడాకుల డిక్రీ బ్యాంకును కట్టడి చేయదు. ఆయన వాయిదా ఎగ్గొడితే మీ దగ్గరికే వస్తారు.

కాకినాడ అన్న:
న్యాయవాది గారూ, దరఖాస్తు వేసిన తేదీ నుంచి మనోవర్తి లెక్కగట్టాలన్నదీ ఆ రజనీశ్–నేహా తీర్పేగా? మా వాడి కేసులో ఉత్తర్వు రావడానికి రెండేళ్లు పట్టింది. ఒక్కసారిగా 3,60,000 బకాయి మీద పడింది. కట్టకపోతే జైలన్నారు. ఎక్కువ వడ్డీకి అప్పు తెచ్చి కట్టాడు. విచారణ ఆలస్యానికి అతను బాధ్యుడా? ఆస్తిలో సగం పంచేసి ఈ నెలనెలా కట్టడం తీసేస్తే నేను ఒప్పుకుంటాను.

ఫ్రీమాంట్ నుంచి:
కాలిఫోర్నియాలో పెళ్లయ్యాక సంపాదించినది చెరి సగం, అప్పులు కూడా. అయినా భరణం పోలేదు, అది విడిగా ఉంటుంది. పైగా ఒక జీతం రెండు ఇళ్ల అద్దెకు చాలదు. భర్త ఉద్యోగ వీసాను ఆధారం చేసుకుని ఇచ్చే హెచ్4 వీసా మీద వచ్చిన మన అమ్మాయిలది ఇంకా ఘోరం, విడాకులతో ఆ వీసా హోదా కూడా పోతుంది. సగం వాటా చేతికి వచ్చినా ఉండడానికి దేశం ఉండదు.

లెక్కల టీచరు:
అన్నయ్యా, బకాయి విషయంలో మీ బాధ న్యాయమైనదే. రెండేళ్లు ఆమె కూడా ఎవరి దగ్గరో చేయి చాచి బతికి ఉంటుంది కదా. ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీ మరదలు పెళ్లికి ముందు ఉద్యోగం చేసేదా?

కాకినాడ అన్న:
చేసేది. ఒక ఆడిటరు దగ్గర 18,000 జీతం. పాప పుట్టాక మానేయమన్నది మా అమ్మ. నేను ఆ రోజు అక్కడే ఉన్నాను, వద్దనలేదు. ఆమె మానకుండా ఉంటే ఈ రోజు మనోవర్తి ఎంత పడేదో నేను ఎప్పుడూ లెక్కవేయలేదు. ఈ మధ్య మళ్లీ పనికోసం తిరుగుతోందని పాప చెప్పింది. మాకు తెలిసిన ఆడిటర్లు ఇద్దరున్నారు. మాట్లాడమని తమ్ముడికి చెబుతాను, వింటాడో లేదో. ఇంటి అప్పు ఇంకా పదకొండేళ్లుంది.