వానల్లో 12 రోజుల సైకిల్ యాత్ర: రిమ్ బ్రేకులు సరిపోతాయా?

ప్రశ్న:
12 రోజుల్లో 900 కిలోమీటర్లు తొక్కాలి. సగం రోజులైనా వాన తప్పేలా లేదు. స్టీల్ ఫ్రేమ్, 35 మి.మీ. టైర్లు, వి-బ్రేకులు (రిమ్ బ్రేకుల్లో ఒక రకం, చక్రం లోహపు అంచు అయిన రిమ్‌ని రెండు పక్కలా రబ్బరు ప్యాడ్లతో నొక్కి ఆపుతాయి), వెనక చక్రానికి రెండు పక్కలా వేలాడే ప్యానియర్ బ్యాగుల్లో 14 కిలోల సామాను. తడిలో రిమ్ బ్రేకుల్ని ఎంతవరకు నమ్మొచ్చు? చైన్‌కి రోజూ నూనె వేయాలా?

జవాబు 1:
నమ్మొచ్చండీ, కానీ చూసుకుంటూ ఉండాలి. నీళ్ల కన్నా వాటితో లేచే ఇసుకే ఎక్కువ నష్టం చేస్తుంది.

తడి రిమ్ మీద బ్రేకు నొక్కగానే పట్టదు. ప్యాడ్ ముందు నీటి పొరను తుడవాలి, ఈలోపు చక్రం ఒకటి రెండు చుట్లు తిరిగిపోతుంది. అందుకే దిగుడు మొదలవకముందే రెండు బ్రేకులూ తేలిగ్గా ఆనించి రిమ్ తుడుచుకోండి.

గరగరమంటే ప్యాడ్‌లో ఇసుక రేణువో, రిమ్ నుంచి లేచిన అల్యూమినియం ముక్కో ఇరుక్కున్నట్టే. అలాగే తొక్కితే రిమ్ గోడ చెక్కుకుపోతుంది. సాయంత్రం చక్రం తీసి, సన్నటి మొనతో ఆ ముక్కలు పీకి, ప్యాడ్‌ని గరుకు కాగితంతో రుద్దండి. ప్యాడ్ గాడులు మాసిపోతే మార్చేయడమే. రెండు జతలు అదనంగా పెట్టుకోండి. లివర్ మరీ దగ్గరికి వస్తుంటే దాని దగ్గరున్న బ్యారెల్ అడ్జస్టర్‌ని (కేబుల్ బిగువు మార్చే చిన్న మర) కాస్త బయటికి తిప్పితే కేబుల్ బిగుస్తుంది.

బయలుదేరే ముందే రిమ్ గోడని వేలితో తడమండి. లోపలికి గుంటపడి ఉంటే ఆ రిమ్‌తో వెళ్లొద్దు. గాలి ఒత్తిడికి గోడ చీలిపోవచ్చు.

జవాబు 2:
చైన్ సంగతి: వేయడం కన్నా తుడవడం ముఖ్యం. గుడ్డతో చైన్ పట్టుకుని పెడల్ వెనక్కి తిప్పండి. ఆరాక తడి వాతావరణానికి చేసిన చిక్కటి ల్యూబ్ ఒక్కో రోలర్‌కి ఒక్క చుక్క వేసి, పది నిమిషాలాగి పైన మిగిలింది తుడిచేయండి. పైన మిగిలిన నూనెకి ఇసుక అంటుకుని గరుకు ముద్దవుతుంది, అదే చైన్‌ని అరగదీస్తుంది. 12 అంగుళాల పొడవుకి 1/16 అంగుళం సాగితే చైన్ మార్చే వేళయినట్టే. 1/8 దాకా ఆగితే క్యాసెట్ (వెనక చక్రానికుండే పళ్ల చక్రాల గుత్తి) కూడా మార్చాల్సి వస్తుంది.

పంక్చర్లు కూడా పెరుగుతాయి. తడి రబ్బరులోకి గాజు పెంకు సులువుగా దిగుతుంది. పైగా తడి ట్యూబ్‌కి ప్యాచ్ అంటదు. రెండు కొత్త ట్యూబులు ఉంచుకుని దారిలో మార్చేయండి, పాతదానికి రాత్రి పొడిచోట ప్యాచ్ వేసుకోవచ్చు. మార్చే ముందు టైరు లోపల గుడ్డతో తడమండి. పెంకు ఉంటే గుడ్డకి పట్టుకుంటుంది, వేలు తెగదు.

ప్రశ్న వేసినవారు:
చాలా ఉపయోగపడిందండీ. మడ్‌గార్డ్‌కీ టైరుకీ మధ్య 5 మి.మీ. ఖాళీ ఉంది. చాలుతుందా? బట్టలకి మంచి వాటర్‌ప్రూఫ్ జాకెట్ ఒకటి చాలా?

జవాబు 1:
5 చాలదు. మట్టిరోడ్డు తగిలితే బురద పేరుకుని చక్రం పట్టేస్తుంది. కనీసం 10 ఉండాలి. ముందు మడ్‌గార్డ్ ఊచలకి, లాగితే ఊడివచ్చే క్లిప్పులు పెట్టించండి. పుల్ల ఇరుక్కుంటే గార్డ్ మడతపడి ముందు చక్రం ఆగిపోతుంది, మనిషి ఎగిరి ముందుకి పడతాడు.

జవాబు 3:
జాకెట్ ఎంత మంచిదైనా ఎగువలో చెమటతో లోపల తడుస్తుంది. చంకల కింద జిప్పులున్నది తీసుకోండి. నూలు బట్టలొద్దు, ఒంటికి ఉన్ని గానీ పాలియెస్టర్ గానీ వేసుకోండి. రాత్రికి వేసుకునే జత ఒకటి రోల్‌టాప్ బ్యాగులో (మూతి చుట్టి మూసే, నీరు చొరని సంచి) మూడు మడతలు చుట్టి ఉంచాలి. దాన్ని తొక్కేటప్పుడు మామూలు చలికి తీయకూడదు. కానీ వణుకుతో మాట ముద్దగా వస్తున్నా, వేళ్లు జిప్ తీయలేకపోయినా అక్కడికక్కడే ఆగి, నీడపట్టున తడిబట్టలు విప్పి ఆ పొడి జత వేసుకోండి. ఆ స్థితిలో దిగుడు దిగడం చాలా ప్రమాదం.

మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 సెకన్ల కన్నా తక్కువుంటే పిడుగు 10 కిలోమీటర్ల లోపే ఉంది. పక్కా భవనంలోకి వెళ్లండి, ఒంటరి చెట్టు కిందికి కాదు. ఆఖరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలి. రోడ్డు మీద పారే నీళ్లలోకి మాత్రం దిగకండి. వేగంగా పారితే 15 సెంటీమీటర్ల లోతు నీళ్లు చాలు, పెద్దవాళ్లని కూడా పడగొట్టేస్తాయి.