ఇంట్లో దొంగ మీదికి రబ్బరు తూటా: తెలివైన పనేనా?

శామీర్‌పేట చివరి వరస
మా నాన్నగారి పన్నెండు బోరు డబుల్ బ్యారెల్ షాట్‌గన్ (రెండు గొట్టాల తుపాకీ) వారసత్వంగా నా లైసెన్స్ మీదికి వచ్చి మూడేళ్లయింది. మాది శామీర్‌పేట దగ్గర విల్లా. చివరి వరస, వెనకంతా ఖాళీ ప్లాట్లు. పోయిన నెల రెండిళ్ల అవతల కిటికీ గ్రిల్ కోసి బంగారం ఎత్తుకెళ్లారు. అప్పట్నుంచి మా ఆవిడకు నిద్ర లేదు, నాకు ఒకటే టెన్షన్. డాలస్‌లో ఉండే మా బావమరిది ఒక ఉపాయం చెప్పాడు. మొదటి తూటా రబ్బరుది పెట్టుకో, రెండోది అసలుది పెట్టుకో అన్నాడు. రబ్బరు దెబ్బకు దొంగ పడిపోతాడు, ప్రాణం పోదు, హత్య కేసు ఉండదు అంటాడు. దసరాకు వచ్చినప్పుడు ఒక డబ్బా తెస్తానన్నాడు కూడా. ఇంట్లో చిన్నపిల్లలున్నారు కాబట్టి సీసం కంటే రబ్బరే నయమని నాకూ అనిపిస్తోంది. తెలిసినవాళ్లు చెప్పండి.

నాంపల్లి నల్లకోటు
మిగతా సంగతి తర్వాత. ముందు మీ బావమరిదికి ఈ రాత్రే ఫోన్ చేసి ఆ డబ్బా కొనొద్దని చెప్పండి. ముందు రబ్బరున్నా వెనక మందుగుండు ఉంటుంది, దాన్ని అంటించే ప్రైమర్ ఉంటుంది. ఆయుధాల చట్టం దృష్టిలో అది తూటాయే. లైసెన్స్ లేకుండా సూట్‌కేసులో తెస్తే పండగ శంషాబాద్‌లోనే అయిపోతుంది.

పాత గన్‌మ్యాన్
సైన్యంలో పదిహేడేళ్లు, తర్వాత ఒక బ్యాంకు గేటు దగ్గర పద్నాలుగేళ్లు పన్నెండు బోరుతోనే గడిపాను. సార్, రబ్బరు తూటా గుంపుల కోసం పుట్టింది. దూరం నుంచి, కాళ్ల వైపు కాల్చాలి. ఇంత దూరం లోపల కాల్చొద్దని తయారుచేసినవాళ్లే చెబుతారు. మొత్తం లెక్క ఆ దూరం మీదే ఉంది. వేగం తగ్గాక తగిలితే కమిలిపోతుంది. ఎదురుగా నిలబడి కాలిస్తే చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది, పక్కటెముక విరుగుతుంది, కంటికి తగిలితే కన్ను పోతుంది. 1970లో బ్రిటిష్ సైన్యం ఉత్తర ఐర్లండ్‌లో రబ్బరు తూటాలు మొదలుపెట్టింది, తర్వాత ప్లాస్టిక్‌వి తెచ్చింది. అవి మన పన్నెండు బోరువి కావు, ఇంకా పెద్దవి. రెండూ కలిపి అక్కడ 17 మంది చనిపోయారు. అప్పుడూ చంపవనే చెప్పి తెచ్చారు.

ఒక్కటి అడుగుతా. మీ హాలు పొడవెంత?

శామీర్‌పేట చివరి వరస
టేపు పెట్టి కొలిచాను సార్. బెడ్‌రూమ్ గుమ్మం నుంచి మెయిన్ డోర్‌కు అయిదు మీటర్ల టేపు చాలలేదు, పైన ఇంకో మీటరు వచ్చింది. మెట్ల కింది నుంచి అయితే మూడున్నర. నేను పడుకునే వైపు నుంచి బాల్కనీ తలుపుకు రెండు మీటర్లు కూడా లేదు.

పాత గన్‌మ్యాన్
ఇక మీకే అర్థమై ఉంటుంది. ఇంట్లో ఎక్కడ నిలబడ్డా మీరు దగ్గరే.

అత్తాపూర్ అన్న
అందరూ భయపెట్టుడే గానీ దారి చెప్పేటోడు లేడు. అర్ధరాత్రి ముగ్గురు రాడ్లు పట్టుకుని ఇంట్లకొస్తే ఏం జెయ్యాలె? కూర్చోబెట్టి చాయ్ పొయ్యాల్నా? 100కు ఫోన్ చేస్తే పోలీసులు వస్తరు, కాదనను. కానీ వాళ్లు ఊరి చివరి విల్లాకు వచ్చేదాకా ఆ పది పదిహేను నిమిషాలు మనయే. పెద్ద గుండ్లున్న అసలు తూటా చెక్క తలుపును దాటుకుని పిల్లల రూంలకు పోతది. రబ్బరుకు అంత బలం లేదు. మరి ఏది నయం? దొంగ కన్ను పోతే పోనీ, వాణ్ని ఎవడు రమ్మన్నడు?

మల్లాపూర్ కాంట్రాక్టర్
అన్న చెప్పిన తలుపు సంగతి నిజమే, సీసం ఫ్లష్ డోర్‌ను లెక్కచేయదు. కానీ గోడల గురించి ఎవరూ మాట్లాడలేదు. అది నా పని కాబట్టి చెబుతా. డాలస్ ఇంట్లో గదుల మధ్య గోడ అంటే చెక్క ఫ్రేముకు రెండు వైపులా జిప్సం షీటు. గుద్దితే చెయ్యి దిగుతుంది. అక్కడివాళ్ల భయం తూటా గోడ దాటి పక్క గదిలోకి పోతుందని. మన దగ్గర ఇటుక గోడ, సిమెంటు ప్లాస్టరింగ్, కింద విట్రిఫైడ్ టైల్స్, మెట్లకు గ్రానైట్, నెత్తిన కాంక్రీట్ స్లాబు. ఇక్కడ రబ్బరు దేనిలోనూ దిగదు, ఎగురుతుంది.

ఒక పని చేయండి. పిల్లలు ఆడుకునే గట్టి రబ్బరు బంతి, కిరాణా కొట్లో దొరికేది, హాల్లో గోడకేసి బలంగా కొట్టండి. నేను ఇప్పుడే కొట్టాను. గోడ, టైల్స్, సోఫా వెనక గోడ, అక్కడి నుంచి పూజగదిలో గంట. గంట మోగాకగానీ బంతి ఎటు పోయిందో నాకు తెలియలేదు. ఇది చేత్తో విసిరింది. తుపాకీలోంచి వచ్చింది గంటను వెతుక్కుంటుందో, నన్ను వెతుక్కుంటుందో!

(మా ఆవిడ చూసి, వయసొచ్చినా బుద్ధి రాలేదంది. అది వేరే చర్చ.)

ఈఎన్‌టీ అక్క, మెహిదీపట్నం
చెవుల డాక్టర్‌ని కాబట్టి చెవుల నుంచే మొదలుపెడతాను. ఒక్క క్షణం మోగే చప్పుడు 140 డెసిబెల్స్ దాటితే ఒక్కసారికే చెవికి శాశ్వతంగా దెబ్బ తగలొచ్చు. షాట్‌గన్ చప్పుడు దాన్ని దాటుతుంది. పైగా మూసిన గదిలో గోడలు ఆ శబ్దాన్ని తిరగేసి కొడతాయి. రబ్బరు తూటాలో మందు కాస్త తక్కువ ఉండొచ్చు, కానీ అది దీపావళి టపాకాయ కాదు. మంచం మీద పిల్లలు, పక్కన మీరు, ఎవరికీ చెవుల్లో ఏమీ ఉండదు. కాల్చాక కాసేపు చెవులు గింగురుమంటాయి. భార్య ఎక్కడి నుంచి పిలుస్తోందో వినపడదు, దొంగ ఎటు పోయాడో వినపడదు.

ఇక కళ్లు. 2017లో బీఎంజే ఓపెన్ పత్రికలో ఒక సమీక్ష వచ్చింది. రబ్బరు, ప్లాస్టిక్ తూటాల వంటివి తగిలిన 1,984 మంది కేసులు చూశారు. 53 మంది చనిపోయారు, 300 మందికి శాశ్వత వైకల్యం మిగిలింది. ఆస్పత్రికి వచ్చేది గట్టిగా తగిలినవాళ్లే, అందుకే ఈ లెక్కను తగిలిన అందరికీ వర్తింపజేయను. కానీ అవన్నీ ఎక్కువగా వీధుల్లో, గుంపుల మీద కాల్చినవి. మీరు అడుగుతున్నది రెండు మీటర్ల గురించి.

నాంపల్లి నల్లకోటు
అత్తాపూర్ అన్నకు చట్టం చెబుతా. ఆత్మరక్షణ హక్కు ఉంది, ఎవరూ కాదనరు. భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా సెక్షన్లు అవే. రాత్రిపూట ఇల్లు పగలగొట్టి లోపలికొస్తే 41వ సెక్షన్ కింద ఆ హక్కు ప్రాణం తీసేదాకా కూడా వెళ్తుంది. కానీ 37వ సెక్షన్ ఒక గీత గీసింది: రక్షణకు ఎంత అవసరమో అంతే, మించి హాని చేయకూడదు. పారిపోతున్నవాడి వీపు మీద రబ్బరు కాల్చి "చంపలేదు కదా" అంటే కుదరదు. కన్ను పోతే 116 ప్రకారం అది తీవ్ర గాయమే. గోడకు తగిలి ఎగిరి పక్కింటాయన కంట్లో పడితే ఇంకో గొడవ.

కోర్టులో ఇంకో చిక్కు కూడా ఉంది. "ఊరికే భయపెడదామని రబ్బరు కాల్చాను" అంటే, "ప్రాణభయం లేనప్పుడు తుపాకీ ఎందుకు ఎత్తావు?" అని ఎదుటి లాయరు అడుగుతాడు. నేనైనా అదే అడుగుతా. రబ్బరు మిమ్మల్ని కాపాడుతుందనుకుంటున్నారు, అదే మీ మీద సాక్ష్యం చెబుతుంది.

అత్తాపూర్ అన్న
లాయర్ సాబ్, బతికుంటే కదా కోర్టు! మొదటిది రబ్బరు, రెండోది అసలుది అన్నడు కదా. పని చెయ్యకపోతే రెండోది ఉంది.

పాత గన్‌మ్యాన్
ఆయన దగ్గరున్నది పాత డబుల్ బ్యారెల్ అన్నా, రెండు ట్రిగ్గర్లుంటాయి. మామూలుగా ముందరిది కుడి గొట్టానికి, వెనకది ఎడమ గొట్టానికి. పగలు, తీరిగ్గా, టార్గెట్ ముందు నిలబడ్డప్పుడే కొత్తవాళ్ల వేలు జారి వెనకదాని మీద పడడం నేను చూశాను. రాత్రి రెండింటికి, చెమట పట్టిన చేత్తో, ఏ గొట్టంలో ఏది వేశానో తలుచుకుంటూ కూర్చుంటారా? రబ్బరు అనుకుని సీసం వదిలితే? ఇంకో మాట. రబ్బరు తగిలినవాడు పడతాడని గ్యారంటీ లేదు. మందు తాగి, దళసరి జాకెట్ వేసుకున్నవాడు పడకుండా కోపంతో మీద పడొచ్చు. చంపకూడనప్పుడు చంపొచ్చు, ఆపాల్సినప్పుడు ఆపకపోవచ్చు. అటువంటి సరుకును నమ్మి ఇంట్లో ఎలా పెట్టుకుంటారు?

నా ఇంటి సంగతి ఒకటి చెబుతా. నాలుగేళ్ల కింద, తెల్లవారుజామున మూడుంపావు. వంటింట్లో చప్పుడైంది. లాఠీ పట్టుకుని వెళ్లాను. వెలుతురు నేల మీద సన్నగా పరుచుకుంది, ఎవడో వంగి ఉన్నాడు, వీపు మాత్రమే కనపడుతోంది. లాఠీ ఎత్తాను. వాడు ఫ్రిజ్‌లోంచి నీళ్ల సీసా తీసుకుని తిరిగాడు. మా చిన్నోడు. నైట్ షిఫ్ట్ తొందరగా అయిపోయిందట, మమ్మల్ని లేపొద్దని వెనక తలుపు తీసుకుని వచ్చాడట. చేతిలో సీసం తూటా ఉన్న తుపాకీ ఉంటే నేను కచ్చితంగా ఆగి "ఎవర్రా?" అనేవాణ్ని, ఎందుకంటే దాని బరువు నాకు తెలుసు. రబ్బరు ఉండి ఉంటే? "రబ్బరేగా" అనుకుని వేలు నొక్కేవాణ్నేమో. ముప్పై ఏళ్లు తుపాకీ మోసినవాణ్ని, నా మీద నాకే ఆ నమ్మకం లేదు.

ఈఎన్‌టీ అక్క, మెహిదీపట్నం
బాబాయ్, ఇది చదివాక ఒళ్లు జలదరించింది. ఆ బాబు ఇప్పుడు ఫోన్ చేసి వస్తున్నాడా?

పాత గన్‌మ్యాన్
గేటు దగ్గరే చేస్తాడమ్మా. తాళం చెవి ఉన్నా సరే.

అత్తాపూర్ అన్న
బాబాయ్ ముచ్చటకు నా దగ్గర జవాబు లేదు. ఒప్పుకుంటున్న. కానీ చివరి వరస ఇంటాయనకు ఏం జెయ్యాలో మాత్రం ఎవరూ చెప్పలే.

మల్లాపూర్ కాంట్రాక్టర్
నేను చెబుతా. దొంగ లోపలికి వచ్చాక ఏం కాల్చాలి అనేదాని కంటే, రావడానికి వాడికి ఎంతసేపు పట్టాలి అన్నది చూడండి. కిటికీలకు సన్నటి డిజైన్ గ్రిల్ కాకుండా 12 ఎంఎం చదరపు కడ్డీ వేయించండి. మెట్ల మొదట్లో కోలాప్సబుల్ గేటు పెట్టించండి, పైన పడుకునేవాళ్లకు అదే కోట. గేటు తాళం పై వైపు ఉండాలి, కింది నుంచి చెయ్యి దూర్చినా అందకుండా. వెనక ప్లాట్ల వైపు సెన్సర్ లైట్లు. కడ్డీ కోసే చప్పుడుకు మీకు మెలకువ వస్తుంది, ఫోన్ చేయడానికి టైమ్ దొరుకుతుంది.

శామీర్‌పేట చివరి వరస
అందరికీ థాంక్స్. బావమరిదికి ఫోన్ చేశాను. వాడికి కాస్త కోపం వచ్చింది, "మీ ఇండియావాళ్లింతే" అన్నాడు. దసరాకు చాక్లెట్లే తెమ్మన్నాను. తుపాకీని ఏం చేయాలో ఇంకా తేల్చుకోలేదు, నాన్నగారి గుర్తు. లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర డిపాజిట్ చేయొచ్చంటున్నారు, ఎలాగూ ఎన్నికలప్పుడు స్టేషన్‌లో ఇచ్చి వచ్చేదే కదా. మా ఆవిడైతే బీరువాలో అది లేకపోతేనే నిద్ర పడుతుందంటోంది. ఈ మాట మూడేళ్లుగా నాతో ఎందుకు అనలేదో!

కాంట్రాక్టర్ గారూ, మెట్ల వెడల్పు మూడడుగుల ఎనిమిదంగుళాలు. గేటు మడిచినప్పుడు ఎంత చోటు పోతుంది?