పాఠశాలల్లో స్పీచ్ థెరపీ అసిస్టెంట్ పని: అనుభవమున్నవారు చెప్పగలరు

కూకట్‌పల్లి, కొత్తగా చేరుతున్నాను
నమస్కారం. ఇంటర్ తరువాత డీహెచ్ఎల్ఎస్, అంటే వినికిడి, భాష, వాక్కులకు సంబంధించిన ఏడాది డిప్లొమా పూర్తిచేసి ఆర్‌సీఐలో, అంటే భారత పునరావాస మండలిలో నమోదు చేయించుకున్నాను. వచ్చే సోమవారం ఒక ప్రైవేటు పాఠశాలలో అసిస్టెంటుగా చేరుతున్నాను. థెరపిస్టు మేడం గారు వారానికి ఒక్కరోజే వస్తారని, మిగిలిన రోజుల్లో పిల్లలను నేనే చూసుకోవాలని యాజమాన్యం చెప్పింది. నా పరిధి ఎంతవరకు, తల్లిదండ్రులకు ఏమి చెప్పవచ్చు, ఏమి చెప్పకూడదు అన్నది తెలియక కంగారుగా ఉంది. బడుల్లో పనిచేసినవారు దయచేసి వివరంగా రాయండి.

తార్నాక, ఆరేళ్ళుగా అసిస్టెంటును
పరిధి సంగతి చేరకముందే తేల్చుకోండి. పిల్లవాడి ఇబ్బంది ఏమిటో నిర్ధారించడం, లక్ష్యాలు పెట్టడం, వాటిని మార్చడం, థెరపీ ఆపడం థెరపిస్టు గారి పని. ఆమె ఇచ్చిన లక్ష్యాన్ని సాధన చేయించడం, ప్రతి ప్రయత్నాన్నీ ఉన్నదున్నట్టు రాసిపెట్టడం మన పని. నేను చేరిన తొలి ఏడాది ఒక తల్లి "మా బాబుకు ఆటిజమా?" అని అడిగితే, ఆమెకు ధైర్యం చెప్పాలన్న తొందరలో "అలాంటిదేమీ లేదండీ" అనేశాను. ఆ మాట నమ్మి ఆమె పరీక్షను ఎనిమిది నెలలు వాయిదా వేశారు. ఆ కాలం నా మూలంగా పోయిందన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. ఇప్పుడైతే "మీ సందేహం ఇవాళే మేడం గారికి తెలియజేస్తాను, వారు వచ్చే రోజున మీరూ రండి" అని మాత్రమే అంటాను.

రాసిపెట్టడం ఎందుకంత ముఖ్యమో ఒక ఉదాహరణ చెబుతాను. రెండో తరగతి బాబు ఒకడు "క" బదులు "త" పలికేవాడు. కాకి వాడి నోట "తాతి" అయ్యేది. మేడం గారు "కోట–తోట", "కల–తల" అనే జంటలు ఇచ్చారు. గోల్కొండ బొమ్మ ఒక కార్డు మీద, పూలతోట బొమ్మ మరో కార్డు మీద అంటించి, కావలసినదాన్ని పేరుపెట్టి అడగమన్నాను. వాడు గోల్కొండ వైపే చూస్తూ "తోట" అన్నాడు, నేను పూలతోట ఇచ్చాను. కార్డును వెనక్కి నెట్టి మళ్ళీ "తోట" అన్నాడు, మళ్ళీ పూలతోటే ఇచ్చాను. మూడోసారి నోరు తెరిచి కాసేపు ఆగాడు. నాలుక కొన కింది పళ్ళ వెనకే నిలిచింది, గొంతులోంచి గరగరమని ఒక శబ్దం, దాని వెంట "ఓట" వచ్చాయి. అది "క" కాదు, కానీ "త" కూడా కాదు. కార్డు చేతికిచ్చాను గాని, పుస్తకంలో సరైన జవాబుగా కాక "దగ్గరి ప్రయత్నం" అని వేరే గుర్తు పెట్టాను. ఆ గుర్తులు చూసిన మేడం గారు జంటపదాలు ఆపించి, మరో రెండు వారాలు విడి శబ్దం మీదే పనిచేయించారు. జాలిపడి అన్నిటికీ టిక్కులు పెట్టి ఉంటే ఆమెకు ఆ సంగతి తెలిసేదే కాదు.

మలక్‌పేట, ఒక తల్లిని
మా పాపకు మాటలు ఆలస్యమైతే మా అత్తగారు వసకొమ్ము అరగదీసి నాలుకకు రాసేవారు. బడిలోని అసిస్టెంటు అమ్మాయి ఆ మాట విని మమ్మల్ని చిన్నబుచ్చలేదు. పాప వెనకనుంచి పిలిస్తే పలకడం లేదని తాను గమనించినది మేడం గారికి చెప్పి, వినికిడి పరీక్షకు చీటీ రాయించింది. కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిలో చూపిస్తే కర్ణభేరి వెనక నీరు చేరిందన్నారు. అంత శ్రద్ధగా గమనించేవారు బడిలో ఒక్కరున్నా మాలాంటివారికి కొండంత అండ.

సికింద్రాబాద్, స్పీచ్ థెరపిస్టును
తార్నాక వారు చెప్పినవన్నీ నా అనుభవంలోనూ నిజమే. రెండు విషయాలు కలుపుతాను. బుడగలు ఊదించడం, కొవ్వొత్తులు ఆర్పించడం వల్ల ఉచ్చారణ బాగుపడుతుందని వీడియోలు చూసి చాలామంది అడుగుతారు. అందుకు గట్టి ఆధారం లేదు. శబ్దం రావాలంటే ఆ శబ్దాన్నే పలికించాలి: విడిగా, తరువాత అక్షరంలో, పదంలో, వాక్యంలో, చివరకు మామూలు మాటల్లో. ఇక యాసను తప్పుగా లెక్కించకండి. "ప్రాణం" అనే మాటను ఇంట్లో అందరూ "పానం" అనే పిల్లవాడికి అది లోపం కాదు, వాడి ఇంటి భాష. యాజమాన్యం మీ చేత అంచనా నివేదిక రాయించి సంతకం పెట్టమంటే మాత్రం మర్యాదగానే నిరాకరించండి.

కూకట్‌పల్లి, కొత్తగా చేరుతున్నాను
అందరికీ ధన్యవాదాలు. నా పరిధి ఏమిటో మేడం గారి చేత రాయించుకొని ఒక ప్రతిని ప్రిన్సిపాల్ గారికి ఇస్తాను. ఒక్క సందేహం మిగిలింది: నాకు అప్పగించిన పిల్లల్లో నలుగురిది ఉర్దూ మాట్లాడే ఇల్లు, నాకు ఉర్దూ అంతంతమాత్రమే వచ్చు. ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడమని పాఠశాలవారు చెబుతున్నారట.

సికింద్రాబాద్, స్పీచ్ థెరపిస్టును
ఆ సలహాను మీరు మాత్రం ఇవ్వకండి. రెండు మూడు భాషలు వినడం వల్ల మాటల లోపం రాదు. ఇంటి భాష మాన్పిస్తే ఆ బిడ్డ అమ్మమ్మతో మాట్లాడే వీలు పోతుంది. ఉర్దూలో "ళ", "ణ" ఉండవు కాబట్టి, తెలుగు మాటల్లో ఆ పిల్లలు వాటిని "ల", "న"గా పలికితే తప్పుగా గుర్తించకండి. వాళ్ళు ఇంట్లో రోజూ వాడే ఇరవై మాటలు తల్లి గొంతుతోనే ఫోనులో రికార్డు చేసి పంపమనండి. మీ థెరపిస్టు గారు వాటిలోంచి సాధన పదాలు ఏరి ఇస్తారు, పలికే తీరు మీరూ ఆ తల్లి దగ్గరే నేర్చుకోవచ్చు.