అప్‌డేట్: షికాగో ఇంటి కుళాయి నీటిలో సీసం – పరీక్ష ఫలితాలు

షికాగోలోని మా పాత ఇంటి కుళాయి నీటిని పసిపాప పాలలో కలపవచ్చా అని ఇదివరకు అడిగాను. పరీక్ష ఫలితాలు వచ్చాయి. రాత్రంతా నిలిచిన నీటిలో మొదటి లీటరులో సీసం 4 మైక్రోగ్రాములే ఉండగా ఐదవ లీటరులో 17 ఉంది. మొదట వచ్చేది కుళాయి దగ్గర నిలిచిన నీరు, తర్వాత వచ్చేది దూరపు గొట్టంలో నిలిచిన నీరు కనుక, దోషం కుళాయిది కాదని, వీధి నుంచి ఇంటికి వచ్చే సీసపు గొట్టానిదని తేలింది (ఈ నగరంలో 1986 దాకా అదే గొట్టం వేయాలన్నది నిబంధన!). అంటే, కొందరు సూచించినట్లు కాసేపు నీరు వదిలి పట్టుకుంటే, సరిగ్గా ఆ గొట్టంలో నిలిచిన నీరే గ్లాసులోకి రావచ్చు. మరిగించినా సీసం పోదు. నీరు ఆవిరై గాఢత పెరుగుతుంది. అందుచేత గొట్టం పూర్తిగా మార్చేవరకు, సీసం తొలగింపునకు ఎన్‌ఎస్‌ఎఫ్ 53 (నీటి ఫిల్టర్ల నాణ్యతా ప్రమాణం) ధ్రువీకరణ ఉన్న ఫిల్టరులో వడకట్టిన చన్నీళ్లనే పాలకు, తాగడానికి, వంటకు వాడుతున్నాము. సగం గొట్టమే మార్చే పనికి మేము ఒప్పుకోలేదు, ఎందుకంటే ఆ కోత, కుదుపుల వల్ల కొంతకాలం సీసం మరింత రాలుతుంది.